ఊరుతున్నదా, బయటికి వస్తున్నదా: లాలాజల గ్రంథుల స్కాన్‌కు వెళ్లేముందు

నోరు ఎండిపోతోందని చెప్పుకోవడం తేలికే గాని, ఎందుకు ఎండిపోతోందో తేల్చడం అంత తేలిక కాదు. నీళ్ల సీసా పక్కన లేనిదే పగలు గడవని వ్యక్తి, రాత్రి రెండు మూడుసార్లు నాలుక పిడచకట్టుకుపోయి లేచి కూర్చునే వ్యక్తి, నాలుగు ముద్దలు తినేసరికి దవడ కింద నిమ్మకాయంత ఉబ్బు లేచి గంటకల్లా దానంతటదే తగ్గిపోయే వ్యక్తి, ఈ ముగ్గురినీ ఉమ్మి గ్రంథుల్లో ఏదో తేడా ఉందనే అనుమానంతోనే వైద్యులు పరీక్షలకు పంపుతారు. అయితే ముగ్గురి గ్రంథులూ ఒకే స్థితిలో ఉన్నాయనుకోవచ్చునా? మొదటి వ్యక్తి గ్రంథులు నిక్షేపంగా ఉండి, రోజూ వేసుకునే ఏదో ఒక మాత్ర వాటిని అణచి ఉంచవచ్చు. రెండవ వ్యక్తి గ్రంథుల్లో ఊరడమే తగ్గిపోయి ఉండవచ్చు. మూడవ వ్యక్తిలో ఊరడానికి లోటు లేకపోయినా, ఊరినది బయటికి వచ్చే గొట్టంలో చిన్న రాయి అడ్డుపడి ఉండవచ్చు. ఈ తేడాను పట్టుకోవడానికి పనికివచ్చే పరీక్షల్లో లాలాజల గ్రంథుల సింటిగ్రఫీ ఒకటి. అంటే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, గ్రంథులు దానిని ఎలా లాక్కుంటున్నాయో, ఎలా వదులుతున్నాయో నిమిషం నిమిషానికీ చిత్రించే పద్ధతి. ఈ అధ్యాయం ఆ పరీక్షకు వెళ్లబోయేవారికి, వెళ్లివచ్చి చేతిలో రిపోర్టు పట్టుకుని కూర్చున్నవారికి ఉద్దేశించినది.

అనిపించే ఎండు, కొలిచే ఎండు

మనిషికి పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు. చెవి ముందు, దవడ మలుపు మీద ఉండేది పరోటిడ్. గవదబిళ్లలు వచ్చినప్పుడు బుగ్గ ఉబ్బిపోయేది దీనివల్లనే గనుక ఇది ఎక్కడుంటుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కింది దవడ ఎముక లోపలి అంచున ఉండేది సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద ఉండేది సబ్‌లింగ్వల్. ఇవిగాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కంటికి ఆనని చిన్న గ్రంథులు వందల సంఖ్యలో ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలాన్ని ఇస్తాయి. ఊరికే కూర్చున్నప్పుడు నోటిని తడిపే పనిలో పెద్ద వాటా సబ్‌మాండిబ్యులర్‌ది. చింతకాయ కొరికినప్పుడు, ముద్ద నమిలేటప్పుడు ఒక్కసారిగా పొంగివచ్చే దానిలో పరోటిడ్ వాటా బాగా పెరుగుతుంది. అందువల్ల భోజనం సాఫీగా సాగుతూ రాత్రిపూట మాత్రమే నోరెండే వ్యక్తి బాధా, ఉప్మా ముద్ద నీళ్లు లేకుండా దిగని వ్యక్తి బాధా ఒకటే అనుకోకూడదు. వైద్యునికి చెప్పేటప్పుడు ఈ వివరాన్ని విడదీసి చెప్పడం వల్ల సగం దారి కలిసివస్తుంది.

నోరెండినట్టు అనిపించడాన్ని వైద్యులు జీరోస్టోమియా అంటారు; లాలాజలం కొలతలో నిజంగా తక్కువ రావడం హైపోశాలివేషన్. ఈ రెండూ ఎప్పుడూ జంటగా ఉండాలని నియమమేమీ లేదు. కొలత బాగానే ఉన్నా నోరు ఎండిందనేవారున్నారు, కొలత సగానికి పడిపోయినా ఫిర్యాదు చేయనివారూ ఉన్నారు. కాబట్టి స్కాన్ కంటే ముందు అడగవలసింది అతి చవకైన కొలతను గురించి. ఉదయం పూట, కనీసం గంటన్నరపాటు ఏమీ తినకుండా, తాగకుండా, పొగ తాగకుండా ఉన్న వ్యక్తిని కుర్చీలో కొంచెం ముందుకు వంగి కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలపాటు నోట్లో చేరిన ఉమ్మిని, మింగకుండా, ముందే తూచిపెట్టిన గ్లాసులో వదలమంటారు. నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు రావడం మామూలు, 0.1 లేదా అంతకంటే తక్కువ, అంటే పదిహేను నిమిషాలకు 1.5 మిల్లీలీటర్లకు మించకపోతే, లోటు ఉన్నట్టే. ఆ 1.5 మిల్లీలీటర్లతో చిన్న చెంచాలో మూడో వంతు కూడా నిండదు. ఇంట్లో కూరగాయలు తూచే త్రాసు ఇందుకు పనికిరాదు. కావలసింది బంగారం తూచేంత సున్నితమైనది. పని మాత్రం గ్లాసు, గడియారం, త్రాసుతో అయిపోతుంది. ఇంత సులువైన కొలత చేయకుండానే స్కాన్‌కు చీటీ రాయించుకునేవారు ఎక్కువ కావడం విచారకరం, ఎందుకంటే మొత్తం నోటికి ఎంత వస్తున్నదో గ్లాసు చెప్పినంత సూటిగా స్కాన్ చెప్పదు. ఏ గ్రంథి ఇస్తున్నదో, ఏది ఇవ్వడం లేదో చెప్పడమే స్కాన్ ప్రత్యేకత.

ఒకే ద్వారం

స్కాన్‌లో వాడే పదార్థం టెక్నీషియం-99ఎం పర్‌టెక్నెటేట్. టెక్నీషియం ప్రకృతిలో దాదాపు దొరకని మూలకం. 1937లో ఇటలీలో సెగ్రే, పెరియర్ అనే శాస్త్రవేత్తలు దీనిని గుర్తించారు. ఆసుపత్రిలో దీనిని మాలిబ్డినం-99 నింపిన, సీసపు కవచం తొడిగిన ఒక జనరేటర్‌లోంచి రోజూ ఉప్పునీటితో కడిగి తీస్తారు. ఆ జనరేటర్‌ను ఆవు అనీ, తీయడాన్ని పాలు పితకడమనీ న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో సరదాగా అంటుంటారు. మాలిబ్డినం 66 గంటల్లో సగమైపోతుంది గనుక ఈ ఆవు వారం తిరిగేసరికి వట్టిపోతుంది, మళ్లీ కొత్తది రావాలి. ఊళ్లోని స్కానింగ్ సెంటరుకు వెళ్లినట్టు ఏ రోజు పడితే ఆ రోజు వెళ్లి ఈ పరీక్ష చేయించుకోవడం కుదరకపోవడానికి ఇదొక కారణం. హైదరాబాద్‌లోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద సంస్థల్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. జిల్లా కేంద్రం నుంచి బయలుదేరేవారు ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోవడం మంచిది.

పర్‌టెక్నెటేట్ లాలాజల గ్రంథిలోకే ఎందుకు వెళుతుంది? శరీరానికి అది అయోడిన్ లాగా కనిపిస్తుంది. పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ అయోడైడ్‌ను పోలి ఉండటం వల్ల, అయోడిన్‌ను కణంలోకి లాగడానికి ఉన్న సోడియం-అయోడైడ్ వాహకం అనే ప్రోటీన్ దీనినీ లోపలికి లాగుతుంది. ఈ వాహకాన్ని ఒక ద్వారంగా భావించవచ్చు. థైరాయిడ్‌లోను, జీర్ణాశయపు లోపలి పొరలోను, లాలాజల గ్రంథుల నాళికల కణాల్లోను ఈ ద్వారం ఉంటుంది. కాబట్టి స్కాన్‌లో గ్రంథి వెలిగిందంటే అక్కడ ద్వారమూ, దానిని నడిపే ప్రాణమున్న కణాలూ ఉన్నాయని అర్థం. వెలగలేదంటే కణాలు దెబ్బతిన్నాయనో, ఏదో మందు ద్వారాన్ని మూసిందనో అనుమానించాలి. ఇక్కడికి ఇది మొదటి ప్రశ్నకు, అంటే ఊరేచోటు బతికే ఉన్నదా అనే ప్రశ్నకు జవాబు. ఊరినది బయటికి వస్తున్నదా అనే రెండవ ప్రశ్నకు జవాబు నిమ్మకాయ ఇవ్వాలి.

నిమ్మరసం పడిన తరువాత

పరీక్ష జరిగే తీరును ఒకసారి దగ్గరగా చూస్తే రిపోర్టులోని మాటలు వాటంతటవే అర్థమవుతాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, గామా కెమెరాను ముఖానికి వీలైనంత దగ్గరగా దించి, మోచేతి మడత దగ్గర నరంలోకి సాధారణంగా 5 నుంచి 10 మిల్లీక్యూరీల పదార్థాన్ని ఎక్కిస్తారు. మొదటి నిమిషంలో మెడలోని రక్తనాళాలు మాత్రమే మసకగా కనిపిస్తాయి. తరువాత చెవుల ముందు రెండు, దవడ కింద రెండు చుక్కలు నెమ్మదిగా చిక్కబడతాయి, వాటికి కింద మెడలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ తేలుతుంది, ఊరిన ఉమ్మితోబాటు కొంత పదార్థం నోట్లోకి కారడం వల్ల మధ్యలో నోరు కూడా వెలుగుతుంది. నాలుగు గ్రంథుల చుట్టూ కంప్యూటరులో గీతలు గీసి, ఒక్కొక్క గ్రంథి నుంచి వచ్చే గామా కిరణాల లెక్కను కాలం వెంట గీస్తే నాలుగు వక్రరేఖలు వస్తాయి; పదిహేను, ఇరవై నిమిషాల వరకు ఇవి పైకి ఎక్కుతూనే ఉంటాయి.

అప్పుడు తల కదపనీయకుండా, గొట్టంతోనో సిరంజితోనో, కొన్ని మిల్లీలీటర్ల నిమ్మరసం నాలుక మీద పోస్తారు. ఆరోగ్యంగా ఉన్న పరోటిడ్ రేఖ మెట్టు మీద నుంచి కాలు జారినట్టు నిమిషం రెండు నిమిషాల్లో కిందికి దిగుతుంది, కాసేపటికి మళ్లీ మెల్లగా ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ దిగడాన్నే శాతంలో చెబుతారు. ఉదాహరణకు, చుట్టుపక్కల కణజాలం లెక్కను తీసివేశాక, నిమ్మరసానికి ముందు ఒక గ్రంథిలో 1,000 కౌంట్లు ఉండి, తరువాత అవి 450కి దిగితే, 550 బయటికి వెళ్లాయి గనుక విసర్జన 55 శాతం. అదే మనిషిలో రెండవ వైపు 1,000 నుంచి 920కి మాత్రమే దిగితే విసర్జన 8 శాతం. రిపోర్టులో అప్‌టేక్ అని రాసేది లాక్కున్న మోతాదు, ఎక్స్‌క్రీషన్ లేదా ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని రాసేది ఈ దిగిన శాతం. చాలామంది ముద్రించిన చిత్రాల్లోని రంగులను చూసి కంగారుపడతారు. రంగు కంప్యూటరు ఎంచుకున్నది. చూడవలసింది ఆ రేఖలను, నిమ్మరసం పోసిన క్షణం దగ్గర వాటి నడకను.

ఈ రెండింటినీ జత చేసి చదివితే కొన్ని బొమ్మలు ఏర్పడతాయి. గ్రంథి బాగా లాక్కుని బాగా వదిలితే అది పనిచేస్తున్నట్టు. ఒక్క గ్రంథి మాత్రం బాగా లాక్కుని, నిమ్మరసం పడినా దిగకుండా ఇంకా ఎక్కుతూ ఉంటే దారిలో అడ్డు ఉన్నట్టు, అది రాయి కావచ్చు, గొట్టం సన్నబడి ఉండవచ్చు. ఇటువంటి రాళ్లలో అత్యధికం సబ్‌మాండిబ్యులర్‌లోనే ఏర్పడతాయి, దాని గొట్టం పొడవుగా ఉండి పైకి ఎదురెక్కవలసి రావడం, దాని ఉమ్మి చిక్కగా ఉండటం అందుకు కారణాలు. అన్ని గ్రంథులూ తక్కువ లాక్కుని తక్కువే వదిలితే, గ్రంథులన్నిటినీ ఒకేసారి దెబ్బతీసే జబ్బును వెతకాలి. గ్రంథి మొత్తం ఖాళీ అయినా అందులో ఒక ముద్ద మాత్రం వెలుగుతూ మిగిలిపోతే వార్తిన్ ట్యూమర్ అనే, ఎక్కువగా పొగతాగేవారిలో పరోటిడ్‌లో కనిపించే, సాధారణంగా ప్రమాదం లేని గడ్డను తలచుకుంటారు; దాని కణాలు పదార్థాన్ని లాక్కోగలవు గాని వాటికి బయటికి దారి ఉండదు.

వెళ్లేముందు

1. స్కాన్ చీటీ మీద ప్రశ్న రాసి ఉందా అని చూసుకోవాలి. వట్టిగా లాలాజల గ్రంథుల స్కాన్ అని రాసిన చీటీకి వట్టి జవాబే వస్తుంది. “షోగ్రెన్ అనుమానం, నాలుగు గ్రంథుల పనితీరు చూడగలరు” అనో, “కుడి సబ్‌మాండిబ్యులర్ భోజనవేళ ఉబ్బుతోంది, విసర్జన ఉందా” అనో రాసి ఉంటే స్కాన్ చదివే వైద్యుడు ఆ కోణంలో చూస్తాడు. “డాక్టరుగారూ, ఈ పరీక్షలో మనం ఏం తేల్చుకోవాలనుకుంటున్నాం?” అని అడగడంలో తప్పేమీ లేదు, మొహమాటపడవలసిన పనీ లేదు.

2. వాడుతున్న మందులన్నిటినీ, ఆయుర్వేద చూర్ణాలతో సహా, కాగితం మీద రాసి తీసుకువెళ్లాలి. జలుబుకూ దురదకూ వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికీ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, ఇవన్నీ గ్రంథికి వెళ్లే నరాల సందేశాన్ని అణచి నోరెండేలా చేస్తాయి, స్కాన్‌లో విసర్జననూ తగ్గించి చూపవచ్చు. అలాగని పరీక్ష కోసం ఏ మందునూ సొంతంగా మానకూడదు. ఆపవలసి ఉంటే రాసిన వైద్యుడే చెప్పాలి.

3. ఈమధ్య కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ స్కాన్ గాని, గుండె యాంజియోగ్రామ్ గాని తీసి ఉంటే తేదీతో సహా చెప్పాలి. ఆ మందులోని అయోడిన్ ఇంతకుముందు చెప్పిన ద్వారం దగ్గరే పోటీకి నిలబడుతుంది. థైరాయిడ్ జబ్బులో అరుదుగా వాడే పర్‌క్లోరేట్ అయితే ఆ ద్వారాన్నే మూస్తుంది.

4. గర్భం ఉన్నా, ఉందని అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లులు ఎన్ని గంటలు పాలు పిండి పారబోయాలో ఆ విభాగాన్నే అడిగి, పరీక్షకు ముందే కొంత పాలు తీసి దాచుకోవచ్చు.

5. పరీక్ష రోజున పచ్చళ్లు, నిమ్మరసం, చూయింగ్ గమ్, కిళ్లీ జోలికి పోకూడదు. నిమ్మకాయ చూపించేదాకా గ్రంథి నిండుగా ఉండాలి గనుక దానిని ముందే పిండేయడం పరీక్షను పాడుచేసుకోవడమే. ఎన్ని గంటలు తినకుండా ఉండాలన్నది ఒక్కొక్క కేంద్రంలో ఒక్కొక్క రకంగా ఉంటుంది.

6. కెమెరా కింద తల కదపకూడదు. పులుపు తగలగానే మొహం చిట్లించి తల తిప్పడం సహజమే గాని, ఆ క్షణంలోనే గ్రంథి గీసిన గీత దాటి పక్కకు పోతే రేఖ పడిపోయినట్టు కనిపిస్తుంది, అది ఉమ్మి రావడం వల్ల పడిపోయింది కాదు. మెడనొప్పి ఉన్నవారు ముందే చెబితే దిండు సర్దుతారు.

7. రేడియేషన్ భయంతో పరీక్ష మానుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. శరీరం పొందే మోతాదు సుమారు రెండు నుంచి ఐదు మిల్లీసీవర్టులు. భూమి మీద నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున ప్రతి మనిషికీ చేరేదే 2.4 మిల్లీసీవర్టులు. టెక్నీషియం-99ఎం ఆరు గంటలకొకసారి సగమవుతుంది కాబట్టి ఇరవై నాలుగు గంటల తరువాత పదహారో వంతే మిగులుతుంది, మూత్రంలో పోయేది పోగా నిజానికి ఇంకా తక్కువే ఉంటుంది. ఆ రోజు నీళ్లు ఎక్కువగా తాగడం, చంటిపిల్లలను గంటల తరబడి ఒళ్లో పెట్టుకోకపోవడం చాలు.

రిపోర్టు చేతికి వచ్చాక

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు, గ్రంథుల పనితీరు తగ్గిందన్న వాక్యాన్ని జబ్బు పేరుగా చదువుకోవడం. షోగ్రెన్ వ్యాధిలో, అంటే శరీర రక్షణ వ్యవస్థ తన సొంత లాలాజల, కన్నీటి గ్రంథుల మీదే తిరగబడే జబ్బులో, స్కాన్ నాలుగు గ్రంథుల్లోనూ లోటు చూపుతుంది. గొంతుకు రేడియేషన్ చికిత్స పొందినవారిలోనూ అదే చూపుతుంది. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వర్ణించిన ఈ జబ్బు ఎక్కువగా స్త్రీలలో, నడివయసులో బయటపడుతుంది. 2002 నాటి అమెరికా-ఐరోపా ప్రమాణాల్లో సింటిగ్రఫీకి చోటు ఉండేది. 2016లో వచ్చిన ఏసీఆర్-యూలార్ ప్రమాణాల్లో దానిని తీసివేశారు. ఇప్పుడు పెదవి లోపలి చిన్న గ్రంథి ముక్క పరీక్షకు మూడు పాయింట్లు, రక్తంలో యాంటీ-రో ప్రతిరక్షకానికి మూడు, కంటి ఉపరితలం దెబ్బతిన్నదని రంగు వేసి చూసే పరీక్షకు, కన్నీటి తడిని కాగితంతో కొలిచే షిర్మర్ పరీక్షకు, గ్లాసులో ఉమ్మి కొలతకు ఒక్కొక్కటి చొప్పున వేసి, కనీసం నాలుగు వస్తేనే ఆ వర్గంలో చేరుస్తారు. గ్లాసుకు పాయింటు ఉండి, లక్షల విలువైన కెమెరాకు లేకపోవడం గమనించదగ్గ విషయమే! అందుచేత స్కాన్‌లో లోటు కనిపించిన యాభై ఏళ్ల గృహిణి ఆ కాగితం చూసి దిగులు పడిపోవడం కంటే, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందా, కీళ్లు నొప్పిగా ఉంటున్నాయా అనేవి రాసుకుని రుమటాలజిస్టును కలవడం మేలు. 1971 నుంచి వాడుకలో ఉన్న షాల్ వర్గీకరణ ప్రకారం లోటును నాలుగు మెట్లుగా చెప్పే రిపోర్టులు కూడా ఉంటాయి. అందులో మెట్టు లోటు తీవ్రతను మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు.

రెండవ పొరపాటు, ఒక కేంద్రంలో తీసిన 48 శాతాన్ని మరో కేంద్రంలో తీసిన 40 శాతంతో పోల్చి జబ్బు ముదిరిందనుకోవడం. ఎంత నిమ్మరసం పోశారు, ఎన్నో నిమిషంలో పోశారు, గ్రంథి చుట్టూ గీత ఎలా గీశారు అన్నవాటి మీద ఆ అంకెలు మారతాయి. మళ్లీ తీయవలసివస్తే అదే చోట, అదే పద్ధతిలో తీయించుకోవాలి, పాత చిత్రాలను కూడా తీసుకువెళ్లాలి.

స్కాన్ బాగానే ఉంది, నోరు మాత్రం ఎండుతోంది. అప్పుడు వైద్యం లేదనుకోవాలా? ఇది నిజానికి మంచి వార్త, ఎందుకంటే గ్రంథులు బతికి ఉన్నాయి. మందుల చీటీని మళ్లీ తిరగేయాలి, షుగర్ చూపించుకోవాలి, నిద్రలో నోటితో గాలి పీలుస్తున్నారేమో ఇంట్లోవారిని అడగాలి. లోటు కొంత ఉండి కణాలు మిగిలి ఉన్నవారికి లాలాజలాన్ని పెంచే పైలోకార్పిన్ వంటి మందు పనిచేసే అవకాశం ఉంటుంది, అయితే అదుపులో లేని ఆస్తమా, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికి అది తగదు. గ్రంథి పూర్తిగా మూగబోయినవారిలో అటువంటి మందు మీద ఆశ పెట్టుకోవడం కంటే పళ్లను కాపాడుకోవడం మీద దృష్టి పెట్టడం తెలివైన పని. ఉమ్మి లేని నోట్లో పిప్పి చిగురు అంచున మొదలై చాలా వేగంగా పాకుతుంది కాబట్టి దంతవైద్యుని వద్ద ఫ్లోరైడ్ పూతకు ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న వేరైతే కెమెరా వేరు

భోజనవేళ ఉబ్బు వచ్చేవారికి సింటిగ్రఫీ మొదటి మెట్టు కాదు, అల్ట్రాసౌండ్ మొదటి మెట్టు. అది చవక, రేడియేషన్ లేదు, ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది, మరీ చిన్నవి తప్ప చాలా రాళ్లను చూపుతుంది, గ్రంథి నిండా నల్లటి మచ్చలు కనిపిస్తే షోగ్రెన్ అనుమానాన్నీ బలపరుస్తుంది. గొట్టం లోపలి ఇరుకును చూడాలంటే ఎమ్మారై సియలోగ్రఫీ ఉంది. అందులో ఏ మందూ ఎక్కించరు, గొట్టంలో నిలిచిన ఉమ్మే తెల్లగా మెరిసి తన దారిని తానే గీసి చూపుతుంది. గొట్టంలోకి సన్నని పైపుతో మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పాత సియలోగ్రఫీ ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది, కాని గ్రంథికి చీము పట్టి ఉన్నప్పుడు అది చేయకూడదు. బుగ్గలో గట్టి గడ్డ తగ్గకుండా నెలల తరబడి ఉంటే, ముఖ్యంగా మూతి ఒకవైపుకు వంకర పోవడం మొదలైతే, పనితీరు స్కాన్ల కోసం రోజులు గడపకుండా సూది పరీక్షకు వెళ్లాలి. షోగ్రెన్ ఉన్నవారిలో పరోటిడ్ ఉబ్బు తగ్గకుండా నిలిచిపోవడాన్ని కూడా వైద్యులు తేలికగా తీసుకోరు, ఈ జబ్బులో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ.

ఒక్కొక్క రేడియోధార్మిక పదార్థం శరీరంలో ఒక్కొక్క చోట చేరుతుందన్న సంగతి ఒక్కొక్కసారి వింతలకు దారితీస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం వాడే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో లాలాజల గ్రంథులు కూడా బాగా వెలుగుతాయి. ఆ చిత్రాలు చూస్తూ 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు ముక్కు వెనుక భాగంలో ఎవరూ లెక్కించని ఒక జత వెలుగుతోందని ప్రకటించి, దానికి ట్యుబేరియల్ గ్రంథులని పేరుపెట్టారు. అవి వేరే పెద్ద గ్రంథులా, చిన్న గ్రంథుల గుంపా అన్న వాదన మాత్రం తెగలేదు.

క్యాన్సర్ చికిత్సకు వెళ్లేవారు అదనంగా అడగవలసినవి

ఖైనీ, గుట్కా, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, ఇవన్నీ తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్లకు శస్త్రచికిత్సతోబాటు తరచుగా రేడియేషన్ ఇస్తారు. పరోటిడ్ మీద పడే మోతాదే తరువాతి జీవితంలో నోటి తడిని నిర్ణయిస్తుంది. రెండు పరోటిడ్ల సగటు 25 గ్రేలకు లోపు ఉంచడం, లేదా కనీసం ఒక వైపునైనా 20 గ్రేలకు లోపు ఉంచడం లక్ష్యంగా పెట్టుకుంటారు. కిరణాల తీవ్రతను ముక్కలు ముక్కలుగా మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి వల్ల నోరెండటం తగ్గుతుందని 2011లో ప్రచురితమైన బ్రిటిష్ పార్‌స్పోర్ట్ ప్రయోగం చూపింది. ప్లాన్ సిద్ధమైన రోజున “పరోటిడ్‌కు ఎంత పడుతోంది?” అని ఆంకాలజిస్టును అడిగి, చెప్పిన అంకెను ఫైలులో రాసుకోవడం రోగి బంధువులు చేయగల పని. గడ్డ ఉన్నచోటును బట్టి అన్నిసార్లూ ఆ లక్ష్యం కుదరదు, గడ్డను పూర్తిగా కాల్చడమే ముందు. చికిత్సకు ముందు ఒకసారి, ముగిసిన కొన్ని నెలలకు మరొకసారి స్కాన్ తీస్తే ఎంత పోయిందో, ఎంత తిరిగివచ్చిందో తెలుస్తుంది.

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ తాగేవారి సంగతి మరీ సూటిగా ఆ ద్వారంతో ముడిపడి ఉంది. థైరాయిడ్ కణాలను చంపడానికి ఇచ్చిన అయోడిన్-131 అదే వాహకం గుండా లాలాజల గ్రంథుల్లోకీ చేరి వాటినీ కాలుస్తుంది. కొన్ని రోజులకో నెలలకో భోజనం మొదలుపెట్టగానే బుగ్గ బిగుసుకుని నొప్పి పెట్టడం, ఉప్పగా నీళ్లు రావడం దీని గుర్తులు. నిమ్మచెక్క చప్పరిస్తే గ్రంథి ఖాళీ అయి రక్షణ కలుగుతుందని ఇరుగుపొరుగు చెబుతుంటారు, ఆలోచనగా అది సబబుగానే తోస్తుంది. కాని 2005లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రోజులోనే పుల్లని బిళ్లలు మొదలుపెట్టినవారికి నష్టం ఎక్కువగా కనిపించింది. పులుపు గ్రంథికి రక్తప్రవాహాన్ని పెంచి మరింత అయోడిన్‌ను తెచ్చి ఉండవచ్చునని భావించారు. ఈ విషయంలో ఆసుపత్రులు ఒకే పద్ధతిలో లేవు. అందుచేత వార్డులో చేరే రోజు సంచిలో నిమ్మకాయలు పెట్టుకున్నా, మొదటిది ఎన్నో గంటకు కోయాలో మందు ఇచ్చే విభాగంవారు చెప్పాకనే కోయాలి.